బ్రేకు భాగములు: ఒంటిగా మార్చవలెనా, జతగా మార్చవలెనా?

కారు ముందుచక్రములలో ఎడమదాని ప్యాడ్లు మాత్రమే అరిగినవి; కుడివైపువి ఇంకను బాగుగనే యున్నవి. షెడ్డులోని మెకానిక్కు మాత్రము రెండువైపులను మార్చవలసినదే యనుచున్నాడు. ఇది నిజమైన యవసరమా, బిల్లు పెంచుటకు పన్నిన యుపాయమా యని సభ్యులు మమ్ము తఱచుగా నడుగుచుందురు. పంట డబ్బు చేతికి వచ్చునది ఏడాదికి ఒకటి రెండు మారులే గనుక ఈ యనుమానమును మేము తప్పుపట్టము. అయినను ప్యాడ్ల విషయమున మెకానిక్కు మాటయే సరి. అన్ని భాగముల విషయమునను గాదు సుమీ!

కాడి కట్టిన రైతునకు కారణము వేఱుగ జెప్ప నక్కఱలేదు. బలమైన యెద్దును, బక్కయెద్దును ఒకే కాడికి గట్టినచో బండి బక్కయెద్దు వైపునకు మరలును. కారు సంగతి దీనికి తలక్రిందులు. బ్రేకు గట్టిగా పట్టిన వైపునకే అది లాగును. భేదమంతయే. పెడలు త్రొక్కినపుడు బ్రేకు ఆయిలు ద్వారా ఒకే ఇరుసు మీది రెండు చక్రములకును సమానమైన యొత్తిడియే చేరును. ఆ యొత్తిడిని పట్టుగా మార్చునది ప్యాడునకును డిస్కునకును నడుమ గలుగు రాపిడి. ఒకవైపు కొత్త ప్యాడును, రెండవవైపు వేడికి గట్టిపడి నునుపెక్కిన పాత ప్యాడును ఉన్నచో, ఒత్తిడి సమానమైనను పట్టు సమానము గాదు. మెల్లగా పోవునపుడు ఈ లోపము తెలియకపోవచ్చును. వాన కురిసిన తారురోడ్డుపై గేదె యడ్డము వచ్చి, పెడలును ఒక్కసారిగా త్రొక్కినపుడు తెలియును. ఆగునపుడు బండి బరువు ముందునకు వ్రాలుటచే ముందు బ్రేకులపైననే ఎక్కువ భారము పడును. కావున ముందు ఇరుసున ఈ తేడా మఱింత ప్రమాదకరము.

అందుచేత ప్యాడ్లను చక్రమునకు రెండు చొప్పున ఇరుసునకు నాలుగును ఒకేసారి మార్చవలెను. అంగడిలో అమ్మునదియు ఆ నాలుగింటి సెట్టే. వెనుక డ్రమ్ము బ్రేకుల షూలకును ఇదే నియమము. డిస్కులను సైతము జతగా మార్చుటయే మేలు; కొత్తగా వేసిన డిస్కు ఏ రాయియో తగిలి చెడినచో మాత్రము, అదే రకపుదానిని ఒక్కటే వేయవచ్చును. ముందువి మార్చినంతమాత్రమున వెనుకవి మార్చ నక్కఱలేదు. నాలుగు చక్రములకును కొత్తవి కావలెనని పట్టుబట్టువానిని కొలత చూపుమని యడుగుడు. ప్యాడుపై రాపిడి పదార్థము 3 మి.మీ.కు దిగినచో మార్చవలసినదే. డిస్కు ఎంత మందము వఱకు పనికివచ్చునో దానిపైననే చెక్కియుందురు.

ఇంతకును ఒకవైపే ఏల యరిగినదను ప్రశ్న ముఖ్యమైనది. దీనిని అడుగువారు తక్కువ. పొలము దారుల బురదయు దుమ్మును చేరి క్యాలిపరు జారుడు పిన్నులు బిగిసిపోయినచో, ఒకే చక్రమున లోపలి ప్యాడొక తీరుగను, వెలుపలిది మఱియొక తీరుగను అరుగును. పిస్టను బిగిసినచో ప్యాడు డిస్కును విడువక రాచుకొనుచుండును. ప్రయాణము ముగిసిన పిదప ఆ యొక్క చక్రమే సెగలు గ్రక్కుచుండును. ఈ మూలమును సరిచేయక ఎన్ని జతలు మార్చినను డబ్బు నీళ్లపాలే.

ఇక ఒంటిగా మార్చదగినవి: క్యాలిపరు, వీలు సిలిండరు, రబ్బరు హోసు, ఏబీఎస్ సెన్సారు. ఇవి చెడిన వైపుననే మార్చిన చాలును. అయితే రెండవవైపుదియు అదే వయసుది గనుక విప్పి చూడుడు. హోసు ఒకటి బీటలువాఱినచో రెండవది ఎంతో కాలము నిలువదు. వీలు సిలిండరు కారి షూలు ఆయిలుతో తడిసినచో, వానిని తుడిచి మరల వేయుట కూడదు. సిలిండరు ఒక్కటే మార్చినను షూలు రెండువైపులను మార్చవలెను. గొట్టము విప్పిన ప్రతిసారియు లోని గాలిని పూర్తిగ తీయించుట మఱువరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక సాధారణముగ రెండేండ్ల కొకమారు దానిని మార్పింతురు.

ట్రాక్టరు గలవారికి ఈ జత విషయము మఱింత దగ్గఱిది. దాని యెడమ కుడి బ్రేకులకు వేఱువేఱు పెడళ్లుండును. మడి చివర తిరుగుటకు ఒకదానినే త్రొక్కుదుము. ఎల్లప్పుడు ఒకేవైపు తిరుగుచు దున్నువారికి ఆ వైపు బ్రేకు ముందుగ నరుగును. రోడ్డెక్కునపుడు గొళ్లెముతో రెండు పెడళ్లను కలుపవలెనని అందఱెఱుగుదురు. కాని ఒక బ్రేకు పైననే పట్టి, రెండవది లోతున పట్టునపుడు గొళ్లెమేమి చేయగలదు? బ్రేకులు లేని ట్రాలీలు మన యూళ్లలో పెక్కులు. ధాన్యపు బస్తాలతో నిండిన అట్టి ట్రాలీ వెనుకనుండి నెట్టుచుండగా ట్రాక్టరు ఒకప్రక్కకు తిరిగినచో బోల్తాపడుట యెంతసేపు? కోతలకు ముందే రెండు పెడళ్ల ఖాళీ కదలికను సమానము చేయించి, ఖాళీస్థలమున మెల్లగా నడపి, బ్రేకు వేసి, రెండు చక్రముల జాడలును సరిచూడుడు.

కారునకు కొత్త ప్యాడ్లు వేయించిన పిదప మొదటి త్రొక్కుడునకు పెడలు అడుగుదాక దిగవచ్చును. పిస్టన్లను వెనుకకు నెట్టియుందురు గదా. షెడ్డు దాటకముందే, బండి నిలిచి యుండగనే, పెడలు గట్టిపడు వఱకు నాలుగైదు మారులు త్రొక్కవలెను. తరువాత మూడువందల కిలోమీటర్ల దాక, అవసరము వచ్చిననే గాని, గట్టి బ్రేకు వేయకుండుట మంచిది.