గడియారంలా కొట్టుకోని గుండె

మణికట్టు మీద వేళ్లుంచి, మెల్లగా ఊపిరి పీల్చి విడుస్తూ నాడి చూసుకోండి. పీల్చేటప్పుడు అది కాస్త వేగంగానూ, విడిచేటప్పుడు నిదానంగానూ కొట్టుకుంటుంది. ఇది జబ్బు కాదు. మెదడు నుంచి వచ్చే వేగస్ అనే నరం గుండెకు కళ్లెం వంటిది. పీల్చినప్పుడు ఆ కళ్లెం సడలుతుంది, విడిచినప్పుడు బిగుస్తుంది.

గుండెకు నెత్తురు అందించే నాళాలు పూడుకున్న రోగులలో తరచు ఈ తేడా తగ్గిపోతుంది. గుండెపోటు వచ్చి బతికిన 808 మందిని గురించి అమెరికా వైద్యులు 1987లో ఒక పరిశోధన ప్రకటించారు. వారి గుండె నడకను యంత్రాలతో 24 గంటలు నమోదు చేసి చూస్తే, తేడా ఎక్కువగా ఉన్నవారికంటే బాగా తక్కువగా ఉన్నవారికి ప్రాణాపాయం 5 రెట్లకు పైగా కనిపించింది!

గడియారం ఒకే తీరున నడవాలి. గుండె మాత్రం అవసరాన్ని బట్టి నడక మార్చుకోగలగాలి.