చిన్న రంధ్రాలలోంచి పెద్ద దానం

పొట్టమీద చెయ్యి ఆనించి ఒకసారి దగ్గండి. కండరాలు పలకలా బిగుసుకున్నాయి కదూ! లోపలి అవయవాలకు ఆ బిగువే రక్షణ. శస్త్రచికిత్స చేసే వైద్యునికి మాత్రం అదే అడ్డంకి.

1954 డిసెంబరు 23న అమెరికాలోని బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మరే బృందం ఒక యువకుని మూత్రపిండాన్ని తీసి అతని కవల సోదరునికి అమర్చింది. బతికున్న దాతతో విజయవంతమైన మొదటి మార్పిడి అదే. అప్పట్లో దాత శరీరాన్ని పొడవుగా కోయవలసి వచ్చేది. 1995లో బాల్టిమోర్ వైద్యులు చిన్న రంధ్రాలగుండా కెమెరాను, పరికరాలను పంపి ఆ పని చేశారు. మూత్రపిండాన్ని బయటికి తీయడానికి ఒక చిన్న కోత చాలింది.

మరి లోపల పరికరాలు కదలడానికి చోటేది? అందుకు పొట్టలోకి కార్బన్ డై ఆక్సైడ్ వాయువును పంపుతారు. అది మండదు; రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది. పొట్ట గుడారంలా లేస్తుంది. వాయుపీడనం సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం. పన్నెండంటే సుమారు 16 సెంటీమీటర్ల నీటిమట్టంతో సమానం. ఇది కొద్దిగానే కనిపించినా మూత్రపిండానికి రక్తప్రవాహాన్ని తగ్గిస్తుంది. ఆపరేషన్ తరువాత భుజంలో నొప్పీ రావచ్చు. పీడనం తగ్గిస్తే గుడారం కుంగుతుంది. అందుకని పొట్టగోడనే సడలించాలి.

కండరం ముడుచుకోవాలంటే నాడి కొసనుంచి ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం వెలువడి, తాళంలో చెవిలా కండరంమీది గ్రాహకాలలో ఇమడాలి. రోకురోనియం అనే మందు ముందే ఆ చోట్లను ఆక్రమిస్తుంది. కండరం సడలిపోతుంది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే కురారే విషం పనిచేసేదీ ఇలాగే.

ఊపిరి కండరాలూ సడలుతాయి గనుక యంత్రమే శ్వాస అందిస్తుంది. గుండెలోని గ్రాహకాలు వేరు రకానివి కాబట్టి గుండె ఆగదు. ఈ మందు నిద్రపుచ్చదు, నొప్పి తగ్గించదు. వాటికి వేరే మందులుంటాయి. సడలింపు ఎంతుందో తెలియడానికి మణికట్టు వద్ద నాడికి చిన్న విద్యుత్ స్పందనలిచ్చి బొటనవేలి కదలికను గమనిస్తారు. చివరకు సుగమడెక్స్ అనే మందు ఇస్తారు. ఉంగరం ఆకారపు దాని అణువు రోకురోనియాన్ని తనలో బంధిస్తుంది. ఐరోపాలో దీనికి 2008లో అనుమతి లభించింది.

నెదర్లాండ్స్ వైద్యులు మూత్రపిండదాతలలో గాఢమైన సడలింపుతో, 6 మిల్లీమీటర్ల పీడనంతోనే ఆపరేషన్లు చేసి పరిశీలించారు. ఇంత శ్రమ ఎందుకంటారా? దాత రోగి కాడు. ఆరోగ్యంగా నడిచివచ్చి, మరొకరి కోసం కత్తికి ఒళ్లప్పగించిన మనిషి. అతనికి ఒక్క మిల్లీమీటరు బాధ తగ్గించినా అది విజ్ఞానం తీర్చుకునే ఋణమే.