పల్నాడు నీటిలో గప్పీల పెంపకం: తొట్టిని సిద్ధపరచు విధానం

పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల ప్రాంతాలలో సున్నపురాతి పొరల గుండా వచ్చే బోరు నీరు సాధారణంగా కఠినంగా, కొంత క్షారగుణంతో ఉంటుంది. అలంకరణ చేపలకు ఇది పనికిరాదన్న తలంపుతో కొందరు తొట్టిని ఆర్.ఓ. నీటితో నింపుతారు. గప్పీ విషయంలో ఇది అనవసరమే కాక హానికరం కూడా. ఉదజని సూచిక 7 నుండి 8 వరకు గల కఠిన జలమే దానికి అనుకూలం. లవణాలు లేని నీటిలో అది నీరసిస్తుంది.

చిక్కు మరొకచోట ఉంది. విసర్జనల నుండి, మిగిలిన మేత నుండి వెలువడే అమ్మోనియాలో అయాన్‌గా మారని భాగమే చేపకు విషం. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సూచిక 7 అయితే ఈ భాగం సుమారు 0.6 శాతం, సూచిక 8 అయితే 5 శాతం దాటుతుంది. వేడి పెరిగినకొద్దీ ఇది మరింత పెరిగి, నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. రెంటచింతల వేసవిని ఎరిగినవారికి దీని తీవ్రతను వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక తొట్టిని సిద్ధపరచడమంటే ముఖ్యంగా నత్రీకరణ బాక్టీరియాను స్థిరపరచడమే. నేలలో అమ్మోనియం నైట్రేట్‌గా మారే క్రమమే ఇక్కడా జరుగుతుంది. చేపలు లేని తొట్టిలో వడపోత స్పాంజిని నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తే ఇందుకు 4 నుండి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైట్ రెండూ పరీక్షలో సున్నాకు చేరిన తరువాతనే చేపలను, అవీ కొద్దికొద్దిగా, విడవాలి. స్పాంజిని కొళాయి నీటితో కడిగితే క్లోరిన్ వలన బాక్టీరియా నశిస్తుంది. తొట్టి నుండి తీసిన నీటితోనే కడగాలి. వారానికొకసారి నాలుగో వంతు నీటిని మార్చాలి. క్లోరిన్ కలిపిన నీటిని వెడల్పాటి పాత్రలో 24 గంటలు గాలి ఆడనిచ్చి పోయాలి.