సర్వరు అప్‌డేట్ మొరాయించినప్పుడు

మన బ్యాంకు ఐటీ విభాగంలో పనిచేసేవాళ్ళ ఇళ్ళలో నెలకో శనివారం రాత్రి ఒక మనిషి తక్కువగా భోజనాలవుతాయి. "శనివారం రాత్రిపూట బ్యాంకేమిటయ్యా?" అని మా మామగారు కూడా అడిగారు. "ప్యాచింగ్ ఉంది మామయ్యా" అన్నాను. ఆ మాట వినీ వినీ ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది గాని, ఆ రాత్రి అక్కడ జరిగేదేమిటో ఎవరూ విడమరిచి చెప్పరు. మేనేజ్‌మెంట్ చదువుకుని, పదిహేనేళ్ళు బ్రాంచీల్లో అప్పులిచ్చి, వసూళ్ళు చేసి, ఆ తరువాత డేటా సెంటర్‌కు బదిలీ అయిన నాకు కూడా మొదట్లో ఒక పట్టాన అర్థం కాలేదు. అందుకని ఇది ఇంట్లోవాళ్ళ కోసం రాస్తున్నాను. కంప్యూటర్ చదువు చదివిన సహోద్యోగులు మన్నించాలి.

బ్రాంచి కౌంటర్లో, ఏటీఎం దగ్గర, ఫోనులోని యాప్‌లో మనం ఏది నొక్కినా ఆ పని చివరికి జరిగేది డేటా సెంటర్లోని సర్వర్ల మీద. ఆ సర్వరును నడిపే మూల సాఫ్ట్‌వేరే ఆపరేటింగ్ సిస్టం. కోర్ బ్యాంకింగ్ చాలాచోట్ల యూనిక్స్, లినక్స్ మీద నడుస్తుంది. దాని చుట్టూ ఉండే రిపోర్టులు, ఉత్తరాలు, లాగిన్ల వంటి పనులు ఎక్కువగా విండోస్ సర్వర్ల మీద నడుస్తాయి. నేను చెప్పబోయేది వాటి గురించి.

మైక్రోసాఫ్ట్ సంస్థ 2003 అక్టోబరు నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. ప్రతి నెలా రెండో మంగళవారం అప్పటిదాకా బయటపడిన లోపాలకు సవరణలన్నీ కలిపి విడుదల చేస్తుంది. అక్కడ ఉదయం పది గంటలంటే మనకు వేసవిలో రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. మనం పడుకునే వేళకు అవి వస్తాయి. అదే వేళకు దొంగలకూ పని మొదలవుతుంది. ఏ లోపాన్ని సరిచేశారో చూస్తే, సరిచేయని యంత్రంలోకి ఎటునుంచి దూరాలో తెలిసిపోతుంది కదా.

వాయిదా వేస్తే ఏమవుతుందో 2017లో లోకమంతా చూసింది. ఆ ఏడాది మార్చి 14న ఒక లోపానికి సవరణ వచ్చింది. మే 12న వానాక్రై అనే వైరస్ సరిగ్గా ఆ లోపం గుండానే దేశదేశాల కంప్యూటర్లలోకి దూరి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. మధ్యలో 59 రోజుల వ్యవధి ఉంది. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగులను వెనక్కి పంపాల్సి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి.

అలాగని వచ్చిన రాత్రే వేసేయడమూ తగదు. 2022 జనవరి 11న వచ్చిన అప్‌డేట్లు వేశాక కొన్ని డొమైన్ కంట్రోలర్లు, అంటే సంస్థలో ఎవరి పాస్‌వర్డ్ సరైనదో చూసి లోపలికి పంపే సర్వర్లు, వాటంతట అవే మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ కావడం మొదలుపెట్టాయి. వాటికి మందు 17న వచ్చింది. 2024 జులై 19 సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్ కాదు, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన అప్‌డేట్. దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. మన దేశంలో పది బ్యాంకులు, ఆర్థిక సంస్థలకు స్వల్ప అంతరాయాలు మాత్రమే కలిగాయని రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

అందుకే ముందు టెస్ట్ సర్వర్ల మీద వేసి చూస్తాం. కొన్ని రోజులు ఆగి అసలు వాటి మీదికి వెళ్తాం. మా ఇంట్లో నాలుగో శనివారం నేను కనిపించకపోవడానికి కారణం ఇదే. రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు 2015 సెప్టెంబరు నుంచి ఉంది గాని, సర్వరుకు ఆ సెలవు లేదు. ఒకప్పుడు రాత్రి ఏడు దాటితే నెఫ్ట్ బదిలీలు ఆగేవి. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుంచి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుంచి రాత్రింబవళ్ళు నడుస్తున్నాయి. యూపీఐ సంగతి సరేసరి. ఆగడానికి వీలున్న సర్వర్లకు కూడా మాకు దొరికేది అర్ధరాత్రి దాటాక నాలుగు గంటలు. అందులో అన్నీ సవ్యంగా జరిగితే గంటన్నరలో పని అయిపోతుంది. సవ్యంగా జరగని రాత్రి ఒకటి చెబుతాను.

నెలాఖరు దగ్గరపడిన నాలుగో శనివారం. ఆ సర్వరు మీద ఆదివారం ఉదయం ఆరింటికి పింఛన్ల లెక్క మొదలు కావాలి. పన్నెండున్నరకు సర్వీసులు ఆపి, సర్వరుకు స్నాప్‌షాట్ తీశాం. అంటే ఆ క్షణాన సర్వరు ఎలా ఉందో అలాగే గుర్తుపెట్టి ఉంచడం. ఏదైనా తేడా వస్తే ఆ క్షణానికే వెనక్కి వెళ్ళవచ్చు. ఇక్కడో మెలిక ఉంది. సర్వీసులు నడుస్తుండగా స్నాప్‌షాట్ తీసి, గంట తరువాత వెనక్కి వెళ్తే ఆ గంటలో జరిగిన లావాదేవీలన్నీ సర్వరు జ్ఞాపకం లోంచి పోతాయి. అందుకని ముందు సర్వీసులు ఆపుతాం, ఆ తరువాతే స్నాప్‌షాట్ తీస్తాం. ఈ వరస తప్పకూడదు.

అప్‌డేట్ ఎక్కింది, నూరు శాతం అంది, రీస్టార్ట్ అడిగింది. "ఫోన్ అప్‌డేట్ చేసినట్టేగా నాన్నా, మధ్యలో రీస్టార్ట్ ఎందుకు?" అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. వంట జరుగుతుండగా పొయ్యి మార్చలేం. వాడుకలో ఉన్న ఫైళ్ళను సర్వరు మార్చుకోలేదు. అందరినీ బయటికి పంపి, మళ్ళీ తలుపు తీసేలోపల మార్చుకుంటుంది. మాది ఆ మార్పిడి మధ్యలో, ముప్పై శాతం దాటాక నిలిచింది. అప్‌డేట్లు పూర్తి చేయలేకపోయాం, మార్పులు వెనక్కి తీస్తున్నాం, కంప్యూటర్ ఆపవద్దు అన్న సందేశం తెర మీద కనిపించింది. అలా నలభై నిమిషాలు ఉంది. ఆ నలభై నిమిషాల్లో చేయవలసిన పని ఏమీ చేయకుండా కూర్చోవడం. మా ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని కూడా అదే.

రెండూ అయిదుకు సర్వరు పాత స్థితిలో లేచింది. అప్పుడు గదిలో మొదట వచ్చిన మాట "ఇంకోసారి కొట్టి చూద్దాం సార్". ఎక్కడైనా వచ్చేది ఈ మాటే. నెట్‌వర్క్ తెగితేనో, డౌన్‌లోడ్ సగంలో పాడైతేనో రెండోసారి పని జరుగుతుంది, కాదనను. కాని రీస్టార్ట్‌లో సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిందంటే అది చెప్పవలసింది ఎక్కడో రాసి పెట్టే ఉంటుంది. కంప్యూటర్లు రాకముందు బ్రాంచిలో పనిచేసిన పెద్దలకు ఇది బాగా తెలుసు. సాయంత్రం డేబుక్ టాలీ కాకపోతే తేడా ఏ లెడ్జరులో ఉందో చూసేవారు. ఊరికే మొదటి నుంచి కూడుకుంటూ కూర్చుంటే ఆఖరి బస్సు వెళ్ళిపోయేది, తేడా మాత్రం అక్కడే ఉండేది.

విండోస్ ఆ రాతను సీబీఎస్ అనే లాగ్ ఫైలులో ఉంచుతుంది. మనకు సీబీఎస్ అంటే కోర్ బ్యాంకింగ్. వాళ్ళకు అది వేరే మాట. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు దీని దగ్గర తికమకపడటం నాకు ఎప్పుడూ సరదాగానే ఉంటుంది. ఆ ఫైలులో వేల వరుసలు ఉంటాయి. కింది నుంచి పైకి చదువుతూ మొదట తప్పిన చోటు పట్టుకోవాలి. మా టీములో అందరికన్నా చిన్నదైన ఆఫీసరు పావుగంటలో పట్టుకుంది. 80073712 అనే సంఖ్య దొరికింది. కాంపొనెంట్ స్టోర్ పాడైందని దాని అర్థం.

కాంపొనెంట్ స్టోర్‌ను బ్రాంచిలోని రికార్డు రూముతో పోల్చవచ్చు. ఆపరేటింగ్ సిస్టంలోని ప్రతి భాగానికీ పాత ప్రతి, కొత్త ప్రతి అక్కడ కట్టలు కట్టి ఉంటాయి. కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు సర్వరు ఆ కట్టలు విప్పి సరిచూసుకుంటుంది. ఒక్క వోచరు లేకపోయినా పని ముందుకు సాగదు. రోజువారీ పనులకు ఆ రూముతో నిమిత్తం లేదు గనుక, అక్కడ చెద పట్టినా సర్వరు నెలల తరబడి చక్కగానే నడుస్తుంది. అందుకే ఈ జబ్బు అప్‌డేట్ రోజునే బయటపడుతుంది.

మరమ్మతుకు విండోస్‌లోనే డిస్మ్ అనే పనిముట్టు ఉంది. పోయిన ప్రతులను మైక్రోసాఫ్ట్ దగ్గర నుంచి తెచ్చుకుని పెడుతుంది. మన సర్వర్లకు ఇంటర్నెట్ ఉండదు, ఉండకూడదు కూడా. కాబట్టి తెచ్చుకునే చోటు దొరకలేదని చెప్పి అది ఆగింది. ఆ సర్వరు ఏ వెర్షనో సరిగ్గా అదే వెర్షన్ ఇన్‌స్టలేషన్ డిస్కు చూపించి మళ్ళీ మొదలుపెట్టాం. అప్పటికి రెండూ యాభై. 62.3 శాతం దగ్గర ఆగింది. ఈ పని చేసిన వారందరికీ ఆ అంకె పరిచయమే. అక్కడ అది చాలాసేపు కదలదు, తరువాత ఒక్కసారిగా పూర్తవుతుంది.

మూడుంబావు అయింది. పని మొదలుపెట్టక ముందే మేం కాగితం మీద రాసుకున్న గడువు అది. అప్పటికి మరమ్మతు, అప్‌డేట్ పూర్తికాకపోతే వెనక్కి వెళ్ళిపోవాలి. "సార్, ఇంకో పది నిమిషాలు, అయిపోతుంది" అంది ఆ అమ్మాయి. నిజానికి అయిపోయేదేమో. "వద్దమ్మా, తిప్పెయ్" అన్నాను. మరమ్మతు పది నిమిషాల్లో అయినా, ఆ తరువాత అప్‌డేట్‌కు గంట పడుతుంది, అదీ మళ్ళీ వెనక్కి తిరిగితే ఇంకో నలభై నిమిషాలు. తను అడిగిన పది నిమిషాల వెనక రెండు గంటలు ఉన్నాయి, ఆ పైన పింఛన్లు ఉన్నాయి. ఇలాంటి గడువును మెలకువ చురుకుగా ఉన్న వేళ రాసుకోవాలి. తెల్లవారుజామున మూడింటికి ఎవరి బుద్ధీ నిర్ణయాలకు పనికిరాదన్నది నా అభిప్రాయం. మేనేజ్‌మెంట్ చదువులో నేర్చినవాటిలో నాకు ఇక్కడ అక్కరకొచ్చింది ఇదొక్కటే.

స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్ళి, సర్వీసులు ఒక్కొక్కటిగా లేపి, నాలుగున్నరకు పరీక్షలు ముగించాం. పింఛన్ల లెక్క ఆరింటికే మొదలైంది. పింఛను తీసుకున్నవారికి ఇదేమీ తెలియదు, తెలియనక్కరలేదు.

ఆ వారం ఆ సర్వరుకు నకలు ఒకటి తయారుచేసి, విడిగా ఉంచి, దాని మీద మరమ్మతు చేసి చూశాం. 35 నిమిషాలు పట్టింది. పాత రిజిస్టరు తిరగేస్తే మూడు నెలల కిందట సీ డ్రైవ్ నిండిపోయి అప్‌డేట్ నత్తనడక నడుస్తుంటే మధ్యలో బలవంతంగా రీస్టార్ట్ చేసినట్టు ఉంది. రికార్డు రూము చెడింది అప్పుడే అని మేం తేల్చుకున్నాం. ఇంతకన్నా ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. ఈ తనిఖీకి, చాలావరకు ఈ మరమ్మతుకు కూడా, సర్వరు ఆపనక్కరలేదు. కాబట్టి రద్దీ లేని వేళ చూసి, ప్యాచింగ్‌కు రెండు రోజుల ముందే అన్ని సర్వర్ల రికార్డు రూములూ తనిఖీ చేయడం మొదలుపెట్టాం. సీ డ్రైవ్‌లో చోటు కూడా అప్పుడే చూస్తాం. తరువాతి నెల ఆ సర్వరు గంటా పది నిమిషాల్లో పని ముగించుకుంది.

ప్రతి వైఫల్యమూ మన వల్లనే అని కూడా అనుకోకూడదు. 2024 జనవరి అప్‌డేట్లలో ఒకటి 80070643 అని చెప్పి ఆగేది. దానికి రికవరీ విభాగంలో 250 ఎంబీ ఖాళీ కావాలి. చాలా యంత్రాల్లో ఆ విభాగాన్ని మొదటే చిన్నదిగా చేశారు. తెర మీద వచ్చే మాట చూస్తే చోటు చాలలేదని అర్థమయ్యే వీలే లేదు. విభాగాన్ని చేత్తో పెద్దది చేసుకోవాల్సి వచ్చింది. విండోస్ 10 వాడే ఇళ్ళలోనూ అప్పుడు ఇదే తలనొప్పి.

ఇంటి కంప్యూటర్ మాట వచ్చింది గనుక చెబుతున్నాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పిల్లల చదువుకు వాడుతున్న పాత ల్యాప్‌టాప్ ఏ వెర్షనో ఒకసారి చూడండి. అప్‌డేట్ ఆగితే ముందు సీ డ్రైవ్‌లో పది, ఇరవై జీబీ ఖాళీ ఉందో లేదో, తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. "మీ బ్యాంకు యాప్ అప్‌డేట్ చేసుకోండి" అంటూ వాట్సాప్‌లో ఫైలు వస్తే అది అప్‌డేట్ కాదు, తెరవకుండా తీసేయండి. యాప్ అప్‌డేట్ ప్లే స్టోర్ నుంచో, ఆప్ స్టోర్ నుంచో మాత్రమే తీసుకోవాలి. ల్యాప్‌టాప్ మొరాయించి మా ఐటీవాళ్ళలో ఎవరికైనా ఫోన్ చేసేటప్పుడు "ఏదో ఎర్రర్ వచ్చింది" అనకుండా తెర మీది సంఖ్యను ఫోటో తీసి పంపండి. మా అత్తగారు ఇప్పుడు అలాగే పంపుతున్నారు, ఫోనులోనే పని అయిపోతోంది. చుక్కలు గుండ్రంగా తిరుగుతూ గంట గడిచినా పవర్ బటన్ జోలికి మాత్రం వెళ్ళకండి. ఈలోగా కాఫీ పెట్టుకోండి.