ఫ్రీజరు చలిని నిలుపు విధము

ఇప్పుడు మన గ్రామములందును పలువురి యిండ్లలో ఫ్రీజరు గల ఫ్రిజ్జులు కానవచ్చుచున్నవి. మామిడిరసము, వెన్న, చేపలు, మాంసము మున్నగువానిని రైతులు అందు దాచుకొనుచున్నారు. కాని యది పనిచేయు తీరు తెలియకపోవుటచే కరెంటును, దాచిన వస్తువులును వ్యర్థమగుచున్నవి. కావున దానినిగూర్చి కొంత వివరింపదలచితిమి.

ఫ్రీజరు చలిని పుట్టించునని పలువురు తలతురు. అది సరికాదు. వేడి తగ్గుటయే చలి. మోట బావిలోని నీటిని తోడి కాలువలో పోసినట్లు, ఫ్రీజరు లోపలి వేడిని తోడి వెలుపల పోయును.

వేసవిలో క్రొత్తకుండలోని నీరు చల్లబడుట మనమెరుగుదుము. కుండపై ఊరిన చెమ్మ ఆవిరియగుచు, అందుకు వలయు వేడిని లోపలి నీటినుండి తీసికొనును. ఫ్రీజరులోని సూత్రమును ఇదియే. అందు సులభముగా ఆవిరియగు ద్రవమొకటి గొట్టములలో తిరుగుచుండును. నేటి గృహయంత్రములు పెక్కింటిలో ఐసోబ్యూటేను వాడుచున్నారు. సాధారణ పీడనమున అది సున్నకు దిగువ సుమారు 12 సెంటీగ్రేడు డిగ్రీల వద్దనే మరుగును. పీడనము తగ్గించినచో ఇంకను చలిలోనే మరుగును. ఇట్లు ఆవిరియగుచు లోపలి వేడిని పీల్చుకొనును. పిమ్మట కంప్రెసరు ఆ యావిరిని నొక్కి, వెనుకనో ప్రక్కలనో ఉండు గొట్టములలోనికి పంపును. అచ్చట అది వేడిని గాలికి విడిచి మరల ద్రవమగును. ఆ ద్రవము సన్నని గొట్టముగుండా దాటునపుడు పీడనము తగ్గి, తిరిగి లోపలికి చేరును.

ఒక సభ్యుని యింట ఫ్రిజ్జును గోడకు ఆనించి, ప్రక్కల గోనెసంచులు పేర్చియుండుట మేము చూచితిమి. యంత్రము రేయింబవళ్లు తిరిగినను లోపల నీరు గడ్డకట్టలేదు. సంచులు తీయించి, గోడకు బెత్తెడు ఎడము విడిపించితిమి. మరునాటికి గడ్డకట్టెను. నీరు పోవుటకు కాలువ లేనిచో మోట యేమి చేయగలదు?

సభ్యులు ఈ క్రింది విషయములను గమనింపవలెను. ఫ్రీజరులో చలి సున్నకు దిగువ 18 డిగ్రీలు ఉండవలెను. వేడి పదార్థములను చల్లార్చిన పిమ్మటనే లోపల నుంచవలెను. పేరుకొన్న మంచును కత్తితో గీకరాదు. గొట్టము చిల్లిపడినచో లోపలి వాయువు మండు స్వభావము గలది.

కరెంటు పోయినప్పుడు తలుపు తీయకుండుటయే మేలు. నిండుగా నున్న ఫ్రీజరు సుమారు 48 గంటలును, సగము నిండినది 24 గంటలును చలిని నిలుపుకొనును. మంచు సూక్ష్మజీవులను చంపదు, నిద్రపుచ్చును. వెచ్చబడినచో అవి మరల పెరుగును. కావున కరగి వెచ్చబడిన చేపలు, మాంసము మరల గడ్డకట్టినను నమ్మరాదు. ఊరికి పోవునపుడు గిన్నెలో గడ్డకట్టిన నీటిపై నాణెమొకటి ఉంచుడు. తిరిగివచ్చునప్పటికి అది మంచులోనికి దిగియున్నచో, నడుమ మంచు కరగెనని తెలియును.

పశువుల గాలికుంటు టీకామందును మాత్రము ఫ్రీజరులో నెన్నడును ఉంచరాదు. అది 2 మొదలు 8 డిగ్రీల నడుమ, ఫ్రిజ్జు క్రింది అరలో ఉండవలెను. గడ్డకట్టిన మందు గుణము చెడును. అట్టి మందు వేయించి పశువునకు రక్షణ కలిగినదని నమ్మియుండుట, మందు వేయింపకుండుటకంటె ప్రమాదము.