పాత ఇంజను గాలి ఎటు పోతున్నది?

పాత ట్రాక్టరు బలం తప్పిందా? దమ్మాయిగూడ నుంచి నాచారం వర్క్‌షాపుకు లాగించి, డబ్బుపోసి రింగులు మార్పించే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి.

1917లో వచ్చిన ఫోర్డ్‌సన్ వంటి ఫ్లాట్‌హెడ్ ఇంజన్లలో వాల్వులు పైమూతలో ఉండవు. సిలిండరు పక్కన బ్లాకులోనే ఉంటవి.

గేరు న్యూట్రలులో పెట్టి, ప్లగ్గు తీగలు ఊడదీసి, హ్యాండిలు మెల్లగా తిప్పండి. బిగువు తగిలినచోట ఆపి చెవి పెట్టండి. గాలి బుస్సుమని కార్బురేటరులోంచి వస్తే లోనికి పీల్చే వాల్వు, పొగగొట్టంలోంచి వస్తే పొగ వదిలే వాల్వు కారుతున్నట్లు. ఆయిలు పోసేచోట వినిపిస్తేనే రింగులు అరిగినట్లు.

వాల్వు కారితే ముందు టాపెట్ సందు కొలవండి. సందు లేకుంటే వాల్వు పూర్తిగా మూసుకోదు. సందున్నా కారితే, పైమూత విప్పించి, వాల్వును గ్రైండింగ్ పేస్టుతో నూరించి, మళ్లీ సందు సరిచేయించవలెను. నూరినకొద్దీ వాల్వు దిగి సందు తగ్గును గదా!