ప్రేమకు గీటురాయి సత్యం

బాతెల్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగు కుటుంబాలతో ఈ వారం క్రైస్తవ ప్రేమ గురించి నాలుగు మాటలు పంచుకుంటాను. చర్చికి వెళ్ళేవారైనా కాకపోయినా వినదగ్గ సంగతే.

యోహాను రాసిన మొదటి పత్రిక మూడో అధ్యాయంలో ఒక బోధ ఉంది. ప్రేమ నోటి మాటగా మిగలకూడదు, చేతల్లో, సత్యంలో కనిపించాలి అని దాని భావం. చేతలంటే అర్థమవుతుంది. మరి ప్రేమకు సత్యంతో పనేమిటి? దీనికి జవాబు మన ఒంగోలు చరిత్రలోనే దొరుకుతుంది.

జాన్ ఎవరెట్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చారు. అక్కడ మాదిగలు క్రైస్తవంలోకి రావడం మొదలైంది. అది పై కులాల పెద్దలకు నచ్చలేదు. వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లల్ని మీ బడికి పంపం అన్నారు. పలుకుబడి ఉన్నవారిని వదులుకోవాలా, పేదవారిని వదులుకోవాలా? ఆ సమయంలో ఆయనా, ఆయన భార్యా ఎవరికి వారు బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందట. లోకం చిన్నచూపు చూసినవారినే దేవుడు ఎన్నుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన మాటలవి. దాంతో క్లౌ దంపతులు మాదిగల పక్షానే నిలబడ్డారు. పెద్ద కులాల పిల్లలు బడి మానేశారు.

తరువాత 1876-78లో ధాత కరువు వచ్చింది. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకున్నారు. ఆకలితో వచ్చినవారికి పని చూపించి కూలి ఇచ్చారు. తెలుగు బోధకులు మేస్త్రీలుగా ఉండి, పని విరామంలో వాళ్ళతో మాట్లాడేవారు. వేలమంది బాప్తిస్మం కావాలన్నారు. క్లౌ ఒప్పుకోలేదు. సహాయం అందుతున్నంత కాలం ఒక్కరికీ ఇవ్వకుండా ఏడాదికి పైగా ఆపారు.

ఎందుకు? ఆకలిగా ఉన్నవాడు అన్నం పెట్టే చేతికి కాదని చెప్పలేడు. అలాంటప్పుడు అడిగి పుచ్చుకున్న విశ్వాసం నిజమైనదో కాదో అతనికే తెలియకపోవచ్చు. అన్నానికి వెల కడితే అది ప్రేమ అనిపించుకోదు, బేరం అవుతుంది. కరువు తీరాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా జనం వెనక్కి వెళ్ళలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. అన్నం కోసమే మారారన్న విమర్శ ఆ తరువాత కూడా ఆగలేదు. అయితే క్లౌ మాత్రం ఆ అనుమానానికి చోటివ్వకూడదని ముందే జాగ్రత్తపడ్డారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పక్కనే ఉన్న సియాటిల్ 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. అంటే సముద్రాలు దాటినా కులం మన పెట్టెల్లో వచ్చిందన్నమాట. ఆదివారం పక్కన కూర్చుని ప్రార్థన చేసి, పెళ్ళి మాట వచ్చేసరికి “మీదే ఊరు, ఇంటిపేరేమిటి” అని కూపీ తీస్తే, ఆ ప్రేమలో సత్యం లేనట్టే.

ఊరికి డబ్బు పంపేటప్పుడూ ఇదే పరీక్ష. బడికి గది కట్టిస్తాం, మేనల్లుడికి ఫీజు కడతాం. బదులుగా గోడ మీద పేరో, జీవితాంతం అణకువో ఆశిస్తున్నామా? ఉద్యోగం పోయి వీసా గడువు దగ్గరపడుతున్న కుటుంబానికి భోజనం తీసుకెళ్తాం. ఆ పూట వాళ్ళకు ఉపదేశం కూడా వడ్డిస్తున్నామా?

సత్యమంటే కఠినంగా మాట్లాడటం అని కొందరు అనుకుంటారు. తప్పు చెప్పవలసి వస్తే ప్రేమతోనే చెప్పమన్నాడు పౌలు, ఎఫెసీయులకు రాసిన పత్రికలో. ఎదుటివారి తప్పు చూపించే ముందు, మన సహాయం వెనక ఉన్న ఉద్దేశం నిజాయితీగా ఉందో లేదో చూసుకోవడం మంచిది. ఒంగోలులో క్లౌ గారు మొదట చేసింది ఆ పనే.

వచ్చే వారం మళ్ళీ కలుసుకుందాం. అందాకా సెలవు.